"నాకు సగం జబ్బు ఉన్నట్టా సార్?"

క్లాసు అయిపోయి నేను అటెండెన్స్ రిజిస్టర్ సర్దుకుంటుంటే ఇంటర్ సెకండియర్ బైపీసీ అమ్మాయి వచ్చి ఒక కాగితం టేబుల్ మీద పెట్టింది. ఏజెన్సీ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న పిల్ల. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఊళ్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బుకు పరీక్షలు చేశారట. ముందు వేలికి సూది గుచ్చి చుక్క రక్తం తీశారు. తర్వాత చేతి నుంచి తీసి పెద్ద ల్యాబుకు పంపారు. ఆ ల్యాబు రిపోర్టు ఇది. రెండు అంకెల కింద పెన్సిల్‌తో గీత గీసి ఉంది: హిమోగ్లోబిన్ ఏ 58 శాతం, హిమోగ్లోబిన్ ఎస్ 36 శాతం. చివర 'ఏఎస్' అని ఉంది.

"ఎస్ అంటే జబ్బు, ఏ అంటే మామూలు. అంటే నాకు సగం జబ్బు ఉన్నట్టా సార్?"

ఈ అమ్మాయికి మెండల్ బఠాణీలు కంఠతా వచ్చు. 3:1, 1:2:1, బహిర్గతం, అంతర్గతం అన్నీ గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. అమైనో ఆమ్లాలు 20 అనీ, పెప్టైడ్ బంధం అంటే ఏమిటో కూడా చెబుతుంది. అయినా సొంత రిపోర్టు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. తప్పు ఆమెది కాదు. మనం జన్యువులను ఒక పాఠంలో చెబుతాం, ప్రోటీన్లను ఇంకో పాఠంలో చెబుతాం. మధ్యలో రెండు స్లిప్ టెస్టులు, ఒక దసరా సెలవు. ఈలోగా ఆ రెండూ వేర్వేరు లోకాలైపోతాయి.

నిజానికి జన్యువు జబ్బును రాయదు. ముక్కు ఆకారాన్నీ రాయదు, ఎత్తునూ రాయదు. అది రాసేది ప్రోటీన్‌ని. మిగతాదంతా ఆ ప్రోటీన్ చేసే పని, లేదా అది పెట్టే పేచీ. (ప్రోటీన్ రాయని జన్యువులూ కొన్ని ఉన్నాయి, వాటి జోలికి ఇప్పుడు పోవద్దు.) కాబట్టి ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు మెండల్ గళ్ల పట్టికలో దొరకదు. ఎర్ర రక్తకణంలోకి దిగి చూడాలి.

ప్రోటీన్ అంటే పప్పేనా?

ప్రోటీన్ అనగానే గుడ్డు, కందిపప్పు, జిమ్ కుర్రాళ్ల పౌడర్ డబ్బా గుర్తొస్తాయి. కానీ కందిపప్పులో ఉన్న ప్రోటీన్‌ను కంది మొక్క తన విత్తనం కోసం చేసుకుంది, మన కోసం కాదు. మనం తిన్నాక పేగుల్లో అది తెగి విడి అమైనో ఆమ్లాలు అయిపోతుంది. వాటితో మన కణాలు మన ప్రోటీన్లు కట్టుకుంటాయి. పాత నగను కంసాలికిస్తే కరిగించి కొత్తది చేసినట్టు. బంగారం పాతదే, డిజైన్ మాత్రం మనం చెప్పింది. ఆ డిజైన్ చెప్పేది జన్యువు.

హిమోగ్లోబిన్‌నే తీసుకుందాం. అది నాలుగు గొలుసులు కలిసిన ముద్ద: రెండు ఆల్ఫా, రెండు బీటా. ఆల్ఫా గొలుసులో 141 అమైనో ఆమ్లాలు, బీటాలో 146. ఒక్కో గొలుసు మెలికలు తిరిగి, ముడుచుకుని, లోపల ఒక గూడు చేసుకుంటుంది. ఆ గూట్లో హీమ్ అనే చిన్న పళ్లెం, పళ్లెం నడుమ ఒక ఇనుము పరమాణువు. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ వచ్చి కూర్చునేది ఆ ఇనుము మీదే. ఒక్క ఎర్ర రక్తకణంలో ఇలాంటి హిమోగ్లోబిన్లు సుమారు 27 కోట్లు ఉంటాయి, సంక్రాంతి ముందు రోజు బస్టాండులో జనంలా కిక్కిరిసి. ఈ కిక్కిరిసి ఉండటాన్ని గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో అదే కొంప ముంచుతుంది.

గొలుసు ఎలా ముడుచుకోవాలో ఎవరు చెబుతారు? ఎవరూ చెప్పక్కర్లేదు. అమైనో ఆమ్లాల్లో కొన్నిటికి విద్యుదావేశం ఉంటుంది, వాటికి నీళ్లంటే ఇష్టం. కొన్నిటిది నూనె స్వభావం, నీళ్లంటే గిట్టదు. కణం లోపలంతా నీటిమయం కాబట్టి నూనె స్వభావం ఉన్నవి గొలుసు మడతల్లోకి దూరి దాక్కుంటాయి, నీళ్లు ఇష్టపడేవి పైకి తేలి నిలబడతాయి. చారు మీద నూనె చుక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుని కలిసిపోవడం చూసే ఉంటారు. అక్కడ జరిగేదీ ఇక్కడ జరిగేదీ ఒకటే.

ఆకారం చెడితే పని చెడుతుంది. గుడ్డు ఉడికిస్తే తెల్లసొన గట్టిపడుతుంది కదా. గొలుసులు తెగిపోలేదు, అమైనో ఆమ్లాల వరుస మారలేదు. వేడికి మడతలు విడిపోయి, లోపల దాక్కున్న నూనె స్వభావం భాగాలు బయటపడి, ఒక గొలుసు ఇంకో గొలుసుకు చిక్కుకుంది, అంతే. హిమోగ్లోబిన్ మడతలను ఎక్స్ కిరణాలతో కనిపెట్టడానికి మాక్స్ పెరూట్జ్‌కు రెండు దశాబ్దాలు పట్టింది. 1962లో నోబెల్ ఇచ్చారు. ఇప్పుడు చాలా ప్రోటీన్ల ఆకారాన్ని కంప్యూటరే అంచనా వేసి ఇస్తోంది. 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం ఆ పనికే వెళ్లింది.

అసలు రికార్డు, నకలు

జన్యువులు రాసి ఉండేది డీఎన్ఏలో. అందులో అక్షరాలు నాలుగే: ఏ, టీ, జీ, సీ. ఒక్క కణంలోని డీఎన్ఏను సాగదీస్తే సుమారు 2 మీటర్లు. అదంతా 23 జతల క్రోమోజోములుగా చుట్టుకుని ఉంటుంది. ప్రతి జతలో ఒకటి అమ్మ దగ్గర్నుంచి, ఒకటి నాన్న దగ్గర్నుంచి. బీటా గొలుసు సంగతి రాసి ఉన్నది 11వ క్రోమోజోము కొసన. ఆ జన్యువు పొడవు సుమారు 1,600 అక్షరాలు. ఆల్ఫా గొలుసుది 16వ క్రోమోజోము మీద ఉంది. అంటే ఒకే ప్రోటీన్‌లో భాగాలు రెండు వేర్వేరు క్రోమోజోముల నుంచి వస్తున్నాయి.

తహశీల్దార్ ఆఫీసులో అసలు రిజిస్టర్ ఎవరి చేతికీ ఇవ్వరు. కావాలంటే నకలు ఇస్తారు. కణంలోనూ అంతే. డీఎన్ఏ కేంద్రకం గడప దాటదు. దాని నకలు, అంటే ఎంఆర్ఎన్ఏ, బయటికి వస్తుంది. నకలులో టీ బదులు యూ ఉంటుంది. అయితే ఇక్కడ ఒక చిత్రం ఉంది. తీసిన నకలు తీసినట్టు వాడరు. బీటా నకలులో అయితే మధ్యలో రెండు చోట్ల పొడుగాటి భాగాలను కత్తిరించి పారేసి మిగిలిన మూడు ముక్కలను అతికిస్తారు. ఆ పారేసేవే ఇంట్రాన్లు. చివరికి ప్రోటీన్‌కు పనికొచ్చే రాత 444 అక్షరాలు మాత్రమే.

ఈ బీటా జన్యువు మీ కంట్లోనూ ఉంది, చర్మంలోనూ ఉంది. కానీ అక్కడ దాని నకలు ఎవరూ అడగరు. ఎముక మజ్జలో ఎర్ర రక్తకణాలుగా మారబోయే కణాలే అడుగుతాయి. నకళ్ల మీద నకళ్లు తీయించి, హిమోగ్లోబిన్ నింపుకుని, చివరికి కేంద్రకాన్నే బయటికి తోసేస్తాయి. రక్తంలో తిరిగే ఎర్రకణంలో డీఎన్ఏ లేదు. అచ్చయిన పుస్తకం చేతిలో ఉంది, ప్రెస్సు మూతపడింది. ఏ తప్పు దొర్లినా ఆ కణం బతికున్నంత కాలం దాంతోనే తిరగాలి.

నకలును చదివేది రైబోజోము. అది మూడేసి అక్షరాలు కలిపి చదువుతుంది. మూడే ఎందుకు? అక్షరాలు నాలుగు, రాయాల్సిన అమైనో ఆమ్లాలు 20. రెండేసి చదివితే 4×4, 16 మాటలే వస్తాయి, చాలవు. మూడేసి చదివితే 64. ఏ మూడక్షరాల మాటకు ఏ అమైనో ఆమ్లమో తెలుసుకునే పని 1961లో మార్షల్ నైరెన్‌బర్గ్ ల్యాబులో మొదలైంది. యూయూయూ అంటే ఫినైల్ అలనిన్ అని తేలింది. హర్‌గోబింద్ ఖొరానా ఏ అక్షరం తర్వాత ఏది రావాలో తనే నిర్ణయించి ఆర్ఎన్ఏలు తయారు చేసి, మిగతా నిఘంటువు నింపడంలో పెద్ద చేయి వేశాడు. 1968లో ఆ ఇద్దరికీ, రాబర్ట్ హాలీకీ కలిపి నోబెల్ వచ్చింది. 64లో 61 మాటలు అమైనో ఆమ్లాలకు, మూడు 'ఇక ఆపు' అనడానికి.

మూడేసి చదవడంలో ఉన్న తంటాను తెలుగులో చూస్తే సులువుగా అర్థమవుతుంది. మాటల మధ్య ఖాళీ లేకుండా 'వరదవలసపలక' అని రాసి ఉందనుకోండి. మూడేసి చదివితే: వరద, వలస, పలక. ఇప్పుడు నడిమి మాటలో ఒక్క అక్షరం మారిస్తే: వరద, వరస, పలక. అటూ ఇటూ మాటలు చెక్కుచెదరలేదు, నడిమి మాటకు మాత్రం వేరే అర్థం వచ్చింది. అదే మొదటి అక్షరం రాలిపోతే? రదవ, లసప, లక. అక్కణ్నుంచి చివరిదాకా అంతా చెత్తే. బీటా జన్యువులో 8, 9 మాటల దగ్గర ఒక జీ అదనంగా దూరినా ఇదే గతి. మన దేశంలో బీటా తలసీమియా అనే రక్తపు జబ్బుకు ఉన్న కారణాల్లో అదీ ఒకటి. అక్కడ గొలుసు తప్పుగా తయారవడం కాదు, పనికొచ్చే గొలుసే తయారు కాదు.

సికిల్ సెల్‌లో జరిగింది మొదటి రకం: వలస కాస్తా వరస అయింది.

జీఏజీ బదులు జీటీజీ

బీటా గొలుసులో ఆరో మాట జీఏజీ. దానికి అర్థం గ్లుటామిక్ ఆమ్లం. ఎస్ రకం జన్యువులో నడిమి ఏ పోయి టీ వచ్చింది: జీటీజీ. అంటే వేలిన్. మిగతా 145 అమైనో ఆమ్లాలూ అవే. (కొన్ని కొత్త జన్యు రిపోర్టుల్లో ఆరుకు బదులు ఏడు అని ఉంటుంది. కంగారు పడొద్దు. బీటా గొలుసు మెథియోనిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలవుతుంది, తర్వాత దాన్ని కత్తిరించేస్తారు. దాన్ని లెక్కేస్తే ఏడు, లేకపోతే ఆరు.)

అదే మాటలో మూడో అక్షరం మారి జీఏఏ అయ్యుంటే ఏమీ జరిగేది కాదు. జీఏఏ అన్నా గ్లుటామిక్ ఆమ్లమే. మొదటి అక్షరం మారి ఏఏజీ అయితే లైసిన్ వస్తుంది. అది హిమోగ్లోబిన్ సీ. పశ్చిమాఫ్రికాలో కనిపిస్తుంది, సికిల్ అంత బాధ పెట్టదు. ఒకే మాటలో మూడు చోట్ల మూడు మార్పులు, మూడు వేర్వేరు కథలు. 'మ్యుటేషన్' అనగానే జబ్బు అని రాసే పిల్లలకు నేను ఈ మాటనే మూడు రకాలుగా రాసి చూపిస్తాను.

మరి వేలిన్ చేసిన పాపమేంటి? గ్లుటామిక్ ఆమ్లానికి రుణావేశం ఉంటుంది, నీళ్లంటే ఇష్టం, అందుకే గొలుసు ఉపరితలం మీద హాయిగా ఉంటుంది. వేలిన్‌ది నూనె స్వభావం. అది లోపల దాక్కోవాల్సింది, కానీ ఈ చోటు ఉన్నది బయట. చొక్కా మీద ఎవరూ కుట్టమనని చోట ఒక గుండీ కుట్టేసినట్టయింది. ఒట్టి గుండీ వల్ల నష్టం లేదు, కాజా ఎదురుపడితేనే తంటా.

కాజా ఉంది. ఆక్సిజన్ మోస్తున్నప్పుడు హిమోగ్లోబిన్ ఒక ఆకారంలో ఉంటుంది, వదిలేశాక కాస్త మెలి తిరిగి ఇంకో ఆకారానికి వస్తుంది. ఆ రెండో ఆకారంలో బీటా గొలుసు మీద నూనె స్వభావం ఉన్న చిన్న గుంట ఒకటి తెరుచుకుంటుంది. ఆ గుంట మామూలు హిమోగ్లోబిన్‌లోనూ ఉంది, నా రక్తంలోనూ ఉంది. గుండీ లేదు కాబట్టి ఎవరికీ దాని ఊసే పట్టదు. ఎస్ హిమోగ్లోబిన్‌కు రెండూ ఉన్నాయి. ఒకదాని గుండీ పక్కదాని కాజాలో పడుతుంది, దాని గుండీ ఆ పక్కదానిలో. కిక్కిరిసిన కణం కదా, పక్కవాడు ఎప్పుడూ అందుబాటులోనే ఉంటాడు. అలా ఒకదానికొకటి తగులుకుంటూ 14 పోగులు పేనిన తాడు తయారవుతుంది. ఆ తాళ్లు లోపలి నుంచి కణాన్ని సాగదీస్తాయి. గుండ్రటి కణం కొడవలిలా వంగుతుంది. 1910లో షికాగో డాక్టర్ జేమ్స్ హెరిక్ మైక్రోస్కోపులో చూసి రాసింది ఈ ఆకారాన్నే. తాడు సంగతి ఆయనకు తెలిసే వీల్లేదు.

ఇది ఎక్కడ జరుగుతుందో చూడండి. ఊపిరితిత్తుల్లో జరగదు, అక్కడ ఆక్సిజన్ పుష్కలం, కాజా మూసుకునే ఉంటుంది. ఆక్సిజన్ దించేసే చోట, అంటే కండరాల్లో, ఎముకల్లో ఉన్న కేశనాళికల్లో జరుగుతుంది. మామూలు ఎర్రకణం తన కంటే సన్నటి ఆ నాళాల్లోంచి రబ్బరులా వంగి జారిపోతుంది. కొడవలి కణం బిరుసుగా ఉండి ఇరుక్కుంటుంది. దాని వెనక ఇంకోటి. నాళం మూసుకుపోయి అవతలి ఎముకకు రక్తం అందదు. సికిల్ సెల్ పిల్లలు 'ఎముకలు విరిచేస్తున్నట్టు నొప్పి' అని ఏడ్చేది అందుకే. ఏడాది కూడా నిండని పిల్లలకు అరచేతులు, పాదాలు వాయడం చాలాసార్లు మొదటి గుర్తు. తిరిగి ఊపిరితిత్తులకు చేరిన కణంలో తాళ్లు కరిగి కణం మళ్లీ గుండ్రమవుతుంది. కానీ ఇలా వంగి లేచి, వంగి లేచి పొర పాడైపోతుంది. 120 రోజులు బతకాల్సిన కణం 10, 20 రోజులకే చితికిపోతుంది. రక్తహీనత, కళ్లు పచ్చబడటం అక్కణ్నుంచి వస్తాయి.

డాక్టర్లు ఈ పిల్లలకు చెప్పే జాగ్రత్తలు పెద్దల చాదస్తంలా వినిపిస్తాయి: నీళ్లు బాగా తాగు, చలిలో తిరగకు, జ్వరం వస్తే వెంటనే రా. ఇప్పుడు ఒక్కోటీ ప్రోటీన్ వైపు నుంచి చదవండి. ఒంట్లో నీరు తగ్గితే కణంలోనూ తగ్గుతుంది, హిమోగ్లోబిన్లు ఇంకా ఒత్తుకుంటాయి, తాడు త్వరగా పేనుకుంటుంది. చలికి నాళాలు ముడుచుకుంటాయి, కణం ఆ ఇరుకులో ఎక్కువసేపు ఆగుతుంది. ఇక చిట్టిపొట్టి ఫోలిక్ ఆమ్లం మాత్ర. కణాలు త్వరగా చస్తుంటే మజ్జ అంతకంతా కొత్తవి చేయాలి, దానికి కొత్త డీఎన్ఏ కావాలి, డీఎన్ఏలో టీ అక్షరం తయారు కావాలంటే ఫోలిక్ ఆమ్లం ఉండాలి. దాన్ని ల్యాబులో తయారు చేసిన బృందాన్ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు జీకే బిట్టుగానే మిగిలిపోవడం నాకు ఎప్పుడూ చివుక్కుమంటుంది.

మరి సగం?

ఇప్పుడు ఆ అమ్మాయి రిపోర్టు. అమ్మానాన్నల్లో ఒకరి నుంచి ఏ రకం బీటా జన్యువు, ఇంకొకరి నుంచి ఎస్ రకం వచ్చాయి. మజ్జలో ప్రతి కణం రెండిటి నకళ్లూ తీస్తుంది, రెండు రకాల బీటా గొలుసులూ తయారవుతాయి. సగం కణాల్లో ఏ, సగం కణాల్లో ఎస్ అని చాలామంది అనుకుంటారు, కాదు. ప్రతి కణంలోనూ రెండూ కలిసే ఉంటాయి. సంగతంతా ఆ కలిసి ఉండటంలోనే ఉంది. ఏ రకానికి గుండీ లేదు. అది మధ్యమధ్య నిలబడి ఎస్‌ను పలచన చేస్తుంది. ఎస్ గాఢత కొంచెం తగ్గినా తాడు పేనుకోవడం మొదలవడానికి పట్టే సమయం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కణం కేశనాళికలో ఉండేది సెకను, అటూ ఇటూగా. తాడు మొదలయ్యేలోపు కణం ఆ ఇరుకు దాటి తిరుగు ప్రయాణంలో ఉంటుంది.

కాబట్టి ఆమెకు ఉన్నది సగం జబ్బు కాదు. సగానికి దగ్గరగా ఎస్ ప్రోటీన్ ఉంది, జబ్బు లేదు. ప్రోటీన్ సగం ఉంటే జబ్బు సగం రావాలన్న లెక్క ఇక్కడ కుదరదు. ఒంట్లో నీరంతా ఇంకిపోయేలా శ్రమ పడటం, బాగా ఎత్తయిన కొండలు ఎక్కడం లాంటి అసాధారణ పరిస్థితుల్లో జాగ్రత్త కావాలి. మామూలు జీవితానికి అడ్డు లేదు.

"మరి 50 కాకుండా 36 ఎందుకుంది సార్?" అంది వెంటనే. మంచి ప్రశ్న, నాకూ నచ్చింది. ఆల్ఫా గొలుసు కాస్త ధనావేశం వైపు ఉంటుంది. జతకు బీటాను వెతుక్కునేటప్పుడు రుణావేశం ఎక్కువున్న మామూలు బీటా దాన్ని త్వరగా లాక్కుంటుంది. వేలిన్ వచ్చిన బీటాకు ఒక రుణావేశం తగ్గింది కదా, అది కొంచెం వెనకబడుతుంది. అందుకే ఈ అమ్మాయిలా ఒక్క ఎస్ జన్యువే ఉన్నవాళ్లలో, అంటే వాహకుల్లో, ఎస్ మామూలుగా 30 నుంచి 40 శాతం మధ్య ఉంటుంది.

ఈ ఆవేశం తేడానే 1949లో లైనస్ పాలింగ్ బృందం పట్టుకుంది. హిమోగ్లోబిన్‌ను విద్యుత్ క్షేత్రంలో పెడితే ఏ, ఎస్ వేర్వేరు వేగాలతో కదిలాయి. వాహకుల రక్తంలో రెండూ కనిపించాయి. జబ్బు ఒక అణువులో ఉందని మొదటిసారి చూపించింది అప్పుడే. ఆ అణువులో ఎక్కడ ఉందో కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చాడు. 1956లో హిమోగ్లోబిన్‌ను ముక్కలు చేసి కాగితం మీద పరిస్తే ఒకే ఒక్క ముక్క తేడాగా నిలిచింది. ఆ ముక్కలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వేలిన్ ఉందని మరుసటి ఏడు తేలింది. నిఘంటువు ఇంకా పుట్టక ముందే వాళ్లు అచ్చుతప్పు పట్టేశారు.

ఇప్పుడు మెండల్ దగ్గరికి రండి. జతలో ఒక్కటున్నా బయటపడేది బహిర్గతం, రెండూ ఉంటేనే బయటపడేది అంతర్గతం. ఎస్ జన్యువు అంతర్గతమా, బహిర్గతమా? నొప్పిని చూస్తే అంతర్గతం: రెండు ఎస్‌లు ఉంటేనే వస్తుంది. ప్రోటీన్‌ను చూస్తే సహబహిర్గతం: ఏ, ఎస్ రెండూ రిపోర్టులో పక్కపక్కనే ఉన్నాయి. ఇక సాల్యుబిలిటీ పరీక్ష అని ఒకటుంది. గొట్టంలో మందు నీళ్లలో రక్తపు చుక్క వేస్తే ఎస్ ఉన్నవాళ్లది మసకబారి, వెనక పెట్టిన కాగితం మీది గీతలు కనిపించకుండా పోతాయి. ఏఎస్ అయినా మసకే, ఎస్ఎస్ అయినా మసకే. ఆ గొట్టాన్ని చూసేవాడికి ఎస్ బహిర్గతం! ఒకే జన్యువు, ఒకే అక్షరం. ఆ మాటలు జన్యువు నుదుట రాసి ఉండవు, మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామో చెబుతాయి. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నకు 'అంతర్గతం' అని రాసేయండి, గొడవ లేదు. మనసులో మాత్రం ఇది ఉంచుకోండి.

ఇంట్లో లెక్క

ఇద్దరు ఏఎస్ వాళ్లకు పిల్లలు పుడితే ప్రతి కాన్పులోనూ ఎస్ఎస్ అవకాశం 25 శాతం, ఏఎస్ 50, ఏఏ 25. 'ప్రతి కాన్పులోనూ' అన్న మాట దగ్గరే అందరూ జారిపడతారు. నలుగురు పుడితే ఒకరికి వస్తుందని కాదు. మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి మిగతావాళ్లకు ఫర్వాలేదనీ కాదు. రూపాయి బిళ్ల ఎగరేస్తే నిన్న బొమ్మ పడిందన్న సంగతి దానికి గుర్తుండదు. మేనరికం వల్లే ఈ జబ్బు వస్తుందనే మాటా వింటుంటాను. మేనరికం ఎస్‌ను పుట్టించదు. కుటుంబంలో ఉన్న ఎస్ రెండు వైపుల నుంచీ ఒకే బిడ్డను చేరే అవకాశం పెంచుతుంది, అంతే. ఎస్ ఎక్కువున్న ప్రాంతంలో అయితే ఏ చుట్టరికమూ లేని ఇద్దరికీ అది ఉండొచ్చు.

ఇంకో మెలిక ఉంది. 'సికిల్ నెగెటివ్' అని రాగానే నిశ్చింతగా ఉండిపోకూడదు. బీటా తలసీమియా వాహకులకు ఎస్ ఉండదు, సాల్యుబిలిటీ గొట్టం తేటగానే ఉంటుంది. కానీ వాళ్లకున్న రెండు బీటా జన్యువుల్లో ఒకటి పని చేయదు, లేదా అరకొరగా చేస్తుంది. మన దేశంలో అన్నిటికంటే ఎక్కువ కనిపించే మార్పు, పారేస్తారని చెప్పిన మొదటి ఇంట్రాన్‌లో ఐదో అక్షరం దగ్గర జీ బదులు సీ రావడం. పారేసే కాగితంలో తప్పుంటే ఏమవుతుందనకండి. ఎక్కడ కత్తిరించాలో ఆ చుట్టుపక్కల అక్షరాలే చెబుతాయి, గుర్తు చెరిగితే కత్తెర దారి తప్పుతుంది. అమ్మ నుంచి ఎస్, నాన్న నుంచి ఈ చెడిపోయిన బీటా వస్తే బిడ్డలో ఎస్‌ను పలచన చేయడానికి ఏ తక్కువ ఉంటుంది, లేదా అసలు ఉండదు. అలాంటి బిడ్డకు ఎస్ఎస్ లాంటి బాధే రావొచ్చు. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష రిపోర్టులో హిమోగ్లోబిన్ ఏ2 అనే చిన్న వరుస ఉంటుంది. అది 3.5 శాతం దాటితే తలసీమియా వాహకులేమోనని అనుమానించాలి.

ఇంత తంటా పెట్టే అక్షరం ఇన్ని తరాలు ఎలా నిలిచింది? మలేరియా వల్ల. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూపించాడు: ఏఎస్ పిల్లలకు ప్రాణం తీసే మలేరియా నుంచి రక్షణ ఉంది. దోమలున్న చోట ఏఎస్ వాళ్లు ఎక్కువగా బతికారు, ఎస్ నిలిచింది. మన దేశంలో 1952లో నీలగిరి గిరిజనుల్లో దీన్ని మొదట గుర్తించారు. తర్వాత మధ్య భారతం అంతటా కనిపించింది. మన్యం జ్వరాలకు పేరుపడ్డ మన ఏజెన్సీలోనూ ఇది ఉండటం వింతేమీ కాదు. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం. ఆ అమ్మాయి చేతిలో కాగితం అలా వచ్చిందే.

ఒకే ఊళ్లో ఇద్దరు ఎస్ఎస్ పిల్లలుంటారు. ఒకరు నెలకోసారి ఆస్పత్రిలో పడతారు, ఇంకొకరు ఏడాదికోసారి. అక్షరం ఒకటే అయినప్పుడు ఈ తేడా ఏంటి? కడుపులో ఉన్న బిడ్డకు బీటా గొలుసు బదులు గామా గొలుసు ఉంటుంది. అది హిమోగ్లోబిన్ ఎఫ్. పుట్టిన కొన్ని నెలలకు గామా జన్యువు దాదాపు మూతపడి బీటా పుంజుకుంటుంది. ఎస్ఎస్ బిడ్డ మొదటి నెలల్లో బాగానే ఉండి ఆరో నెల తర్వాత బాధ పడటం మొదలయ్యేది అందుకే. కొందరిలో గామా పూర్తిగా మూతపడదు. ఎఫ్ ఆ తాడులో కలవదు, పేనడాన్ని చెడగొడుతుంది. హైడ్రాక్సీయూరియా మందు చేసే మేలులో పెద్ద భాగం ఎఫ్‌ను పెంచడమే. 2023 చివర్లో బ్రిటన్, అమెరికాల్లో అనుమతి వచ్చిన క్రిస్పర్ అనే జన్యు కత్తెర చికిత్స కూడా ఎస్ అక్షరాన్ని దిద్దదు. గామాను మూయించే బీసీఎల్11ఏ అనే ప్రోటీన్‌ను మజ్జ కణాల్లో తగ్గించేలా దాని జన్యువు స్విచ్చును కత్తిరిస్తుంది. తప్పును అలాగే ఉంచి పాత ప్రోటీన్‌ను మళ్లీ పనిలోకి పిలిపిస్తారన్నమాట. ఖరీదు అమెరికాలో 22 లక్షల డాలర్లు. మన ఏజెన్సీకి అది ఎప్పుడొస్తుందో అడక్కండి.

నెల తర్వాత ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి రెండు కాగితాలు. అమ్మది ఏఎస్. నాన్నది ఏఏ, ఏ2 2.6 శాతం. తమ్ముడికి కూడా రక్తం తీశారట, రిపోర్టు ఇంకా రాలేదు. టెన్షన్‌గా ఉందా అని అడిగాను.

"లేదు సార్. వాడికి ఏఏ వస్తుంది, లేకపోతే నాలాగా ఏఎస్. ఎస్ఎస్ రావాలంటే రెండో ఎస్ నాన్న ఇవ్వాలి కదా, ఆయన దగ్గర లేదు" అంది. తర్వాత ఏ2 వరుస మీద వేలు పెట్టి, "ఇది కూడా చూశాను" అంది.